పొక్కన్ తిట్టని పొద్దు

మా కుంజంబేట్టన్‌కి మాట్లాడటం రాదు. మూగవాడని కాదు. ఆయన నోట్లోంచి వచ్చేవన్నీ నినాదాలే. చాయ్‌లో పంచదార చాలకపోతే మీరూ నేనూ "కాస్త పంచదార వెయ్యండి" అంటాం. ఆయన కొట్టు మధ్యలో నిలబడి, పిడికిలి పైకెత్తి, "చాయ్‌లో చక్కెర ఏమైంది? చెప్పాలి, చెప్పాలి!" అంటాడు. కొట్లో కూర్చున్న వాళ్లందరం అలవాటు కొద్దీ "చెప్పాలి, చెప్పాలి!" అంటాం. చెంచాడు వేసే కొట్టువాడు రెండు చెంచాలు వేసి దణ్ణం పెడతాడు.

ఏట్టన్ అంటే కేరళలో మా కన్నూరు వైపు అన్నయ్య. కుంజంబు మా వీధి మొత్తానికి అన్నయ్యే, ఒక్క పొక్కన్‌కి తప్ప. పొక్కన్ సంగతి కాసేపాగి చెబుతాను. నా పేరు దాము. టైలర్ని, కుంజంబేట్టన్ పక్కింటివాణ్ణి. ఎన్నికలొస్తే ఎర్రజెండాలూ కుడతాను, ఎదుటివాళ్ల జెండాలూ కుడతాను. గుడ్డ ఎవరిదైనా సూది ఒకటే. కాబట్టి నేను చెప్పేదాంట్లో పక్షపాతం వెతక్కండి.

వయసులో ఉండగా కుంజంబేట్టన్ బీడీలు చుట్టేవాడు. బీడీల షెడ్డులో ఒకరు పేపరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టడం మా వైపు పద్ధతి. ఈయన ప్రతి వార్తకీ ఒక నినాదం అందుకునేవాడట. ఆ గొంతు విని పార్టీవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఊరేగింపు ముందు ఆయన నడిస్తే మైకు అక్కర్లేదు. వెనకవాళ్లు బదులు పలకకపోతే మాత్రం అక్కడికక్కడే ఆగిపోయేవాడు. "నినాదమంటే ఇద్దరి పనిరా. బదులు రానిది నినాదం కాదు, దగ్గు" అనేవాడు.

తరవాత షెడ్డు మూతపడింది, ఊరేగింపులు తగ్గాయి. గొంతు తగ్గలేదు.

మా మేనకోడలి పెళ్లిలో మాల వేసే సమయానికి అందరూ మంగళవాయిద్యం కోసం చూస్తుంటే, వెనక వరసలోంచి "వధూవరుల ఐక్యత!" అని ఒక కేక. మండపమంతా "వర్ధిల్లాలి!" అంది. పెళ్లికొడుకు కంగారుపడి తనూ పిడికిలి ఎత్తాడు. ఫోటోలో ఇప్పటికీ అలాగే ఉన్నాడు. పంటి డాక్టరు దగ్గర కుర్చీలో నోరు తెరుచుకునే "పన్ను పీకే దౌర్జన్యం!" అన్నాడు. బయట బెంచీ మీద దవడలు పట్టుకు కూర్చున్న రోగులు "నశించాలి!" అన్నారు. ఆ డాక్టరు ఆ వేళ ఇంకెవరి పన్నూ పీకలేకపోయాడు.

ఇంట్లో అయితే ఆయన ఆటలు సాగవు. భార్య యశోదేచి, అంటే మా యశోదక్క, కూడా ఆ షెడ్డులో పనిచేసిన మనిషే.

"చేపల కూరలో పులుపేదీ? జవాబివ్వాలి, జవాబివ్వాలి!"

"వండుకోవాలి, వండుకోవాలి! నువ్వే వచ్చి వండుకోవాలి!" అని వంటింట్లోంచి వచ్చేది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. ఆ ఏడు బడ్జెట్ వచ్చింది, మా ప్రాణం మీదికి తెచ్చింది.

సర్కారు ఎర్రజెండాది. ఓట్లేసి గెలిపించుకున్నది మా ఊరే. ముసలివాళ్లకి పెన్షన్ ఇవ్వడానికని పెట్రోలు మీద సెస్సు వేశారు. సెస్సు ఆ వారమే వచ్చేసింది. పెన్షన్ మాత్రం రావడం మానేసింది. ఖజానాలో డబ్బు లేదని మంత్రి అంటాడు, ఢిల్లీవాళ్లు ఇవ్వలేదని పార్టీ అంటుంది, వీళ్లే తినేశారని ఎదుటివాళ్లంటారు. ఎవరి మాట నిజమో గాని చాయ్ కొట్లో అరువు పెరిగింది. మా వీధి ముసలమ్మ చీరుటమ్మ చేపలు కొనడం మానేసి పులుసులోకి మామిడికాయ ఏరుకుంటోంది. అందరికీ కడుపు మండుతోంది. కాని సొంత సర్కారు, ఏమని తిడతాం? మింగలేకా కక్కలేకా ఉన్నాం.

కుంజంబేట్టన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఒకనాడు తెల్లారుతూనే తెల్లపంచె కట్టి, గొడుగుకి ఎర్రగుడ్డ తగిలించి, వీధి మొదట్లో నిలబడ్డాడు.

"పెట్రోలు మీద సెస్సు వేస్తివి! పెన్షన్ సంగతి ఏం చేస్తివి?"

వీధి ఉలిక్కిపడి లేచింది. అలవాటైన నోళ్లు కనుక పక్కల మీంచే "ఏం చేస్తివి, ఏం చేస్తివి?" అన్నాయి. ఆ రోజు మొదలు రోజూ అంతే. ఒక్కడే ఊరేగింపు. వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా నడుస్తాడు. కొన్ని ఇళ్ల ముందు ఆగుతాడు. ఆగిన చోట బదులు వచ్చేదాకా కదలడు. చీరుటమ్మ ఇంటి ముందు ఆగి, "బడ్జెట్‌లోన లెక్కలు చూడు!" అంటాడు. లోపల్నించి ఆవిడ సన్నగా "నా పొయ్యిలోన పిల్లిని చూడు!" అనాలి. ఆవిడ అన్నాకే తరవాతి ఇల్లు. ఎందుకు కొన్నిచోట్లే ఆగుతాడో నాకు అర్థమయ్యేది కాదు. ఊపిరి అందక అనుకున్నాను. నిద్ర పాడైన కోపంలో అంతకంటే మంచిమాట తోచలేదు.

"ఏట్టా, సర్కారు తిరువనంతపురంలో ఉంది. మా కిటికీలో లేదు" అన్నాను.

"నీ కిటికీ దాటకపోతే అక్కడిదాకా ఎలా వెళుతుందిరా?" అని గొడుగు ఊపుకుంటూ పోయాడు.

ఎదుటి పార్టీవాళ్లు ఇది విని పండగ చేసుకున్నారు. దండ పట్టుకుని ఇంటికొచ్చారు. "ఏట్టా, మీరు మాలోకి వచ్చేయండి. మా వేదిక మీద మైకిస్తాం."

కుంజంబేట్టన్ కళ్లు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లో కూర బాగులేదని మా ఆవిణ్ణి నేను తిట్టుకుంటా. మధ్యలో మీరొచ్చి గిన్నె మూత తీస్తారేం? మీరు ఏలినప్పుడు ఏం వెలగబెట్టారు? నడవండి!" దండ వాళ్ల మెడలోనే వేసి పంపాడు.

పార్టీ శాఖ కార్యదర్శి ప్రకాశన్‌ది ఇంకో బాధ. ఈయన చేతుల్లో పెరిగిన కుర్రాడు, నినాదం ఇవ్వడం ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. "ఏట్టా, పైనుంచి అడుగుతున్నారు. మనవాడే మన సర్కారుని వీధిలో పడేస్తే ఎలా అని. సమావేశానికొచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి" అన్నాడు తల వంచుకుని.

"వస్తా. గట్టిగా చెబుతా" అన్నాడు కుంజంబేట్టన్.

ఇక పొక్కన్. వీధి చివరి ఇల్లు. గొడుగులు బాగుచేసే ముసలాయన. పెళ్లి చేసుకోలేదు. పుట్టుకతో ఎదుటి పార్టీ. కుంజంబేట్టన్‌కంటే పెద్ద, ఆయన్ని ఒరే అనగలిగినవాడు మా వీధిలో అతనొక్కడే. ఎర్రజెండావాడి నినాదానికి ఛస్తే బదులు పలకడు. అందుకని ఆ ఇంటి ముందు పద్ధతి వేరు. కుంజంబేట్టన్ ఆగి, "ఇంక్విలాబ్!" అంటాడు. లోపల్నించి పొక్కన్, "నోరు ముయ్యరా గాడిదా! నీ సర్కారు మొహం మండ!" అంటాడు. తిట్టు గట్టిగా ఉంటే ఈయన మొహం వెలిగిపోతుంది. గొడుగు ముడిచి సంతోషంగా ఇంటికొస్తాడు. ఒకనాడు తిట్టు నీరసంగా వచ్చిందని మళ్లీ మళ్లీ అరిచి, వాళ్ల అమ్మమ్మదాకా తిట్టించుకుని గాని కదల్లేదు. ఇదేం పిచ్చి అనుకున్నాను.

వానాకాలం ఇంకా దిగలేదు. ఆ రోజు నేను పళ్లు తోముకుంటున్నాను. ఊరేగింపు చివరికి చేరింది. "ఇంక్విలాబ్!" వినపడింది. తిట్టు వినపడలేదు. మళ్లీ "ఇంక్విలాబ్!" తిట్టు లేదు. పోనీలే, ఇవాళ పొక్కన్‌కి బుద్ధొచ్చింది అనుకుని పుక్కిలించాను.

అంతలో కుంజంబేట్టన్ గొంతు ఎన్నడూ లేనంత పెద్దగా లేచింది. "రండి! అందరూ రండి!"

వీధి వీధంతా, ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే, "జిందాబాద్! జిందాబాద్!" అంది.

"మనిషి పడిపోయాడు!"

"నశించాలి! నశించాలి!" అన్నాం. బ్రష్షు నోట్లో పెట్టుకుని నేనూ అన్నాను.

"చచ్చిపోయేలా ఉన్నాడు, రండయ్యా!"

"ఇవ్వాలి! ఇవ్వాలి!"

ఆయన అరుస్తున్నకొద్దీ మేం ఉత్సాహంగా బదులిస్తున్నాం. ఆ గొంతు బీటలు వారుతోంది. అప్పుడు యశోదేచి చేతిలో గరిటెతోనే బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ దామూ, అది నినాదం కాదురా! ప్రాస లేదు, వినపడటంలా?"

అప్పుడు పరిగెత్తాం. బావి గట్టు పక్కన పొక్కన్ పడి ఉన్నాడు, తల ఒళ్లో పెట్టుకుని కుంజంబేట్టన్ కూర్చుని ఉన్నాడు. ఏట్టన్ నోరు తెరిచి ఏదో అంటున్నాడు గాని ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. నాకు సిగ్గేసింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పట్టుకెళ్లాం.

మణికట్టు విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమనీ అన్నారు. రక్తపోటు ఆకాశంలో ఉందట. పొక్కన్ చొక్కా జేబులో చూస్తే కాగితం పొట్లంలో రక్తపోటు బిళ్లలు, అన్నీ సగానికి విరిచినవి.

"ఇవేమిటి?" అని డాక్టరమ్మ కసిరింది.

"సర్కారు నాకు వాయిదాల్లో ఇస్తోంది. నేను ఒంటికి వాయిదాల్లో ఇస్తున్నా" అన్నాడు పొక్కన్ పడుకునే. అడిగితే వీధిలో ఎవరైనా కొనిచ్చేవాళ్లమే. అడిగే రకమైతే అతను పొక్కన్ ఎందుకవుతాడు?

ఆవిడ కుంజంబేట్టన్ గొంతులోకి లైటు వేసి చూసి, "నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు" అంది.

"ఈ మందు రాసే డాక్టరు కోసమే పెళ్లయినప్పట్నించీ చూస్తున్నా తల్లీ" అంది యశోదేచి.

ఆసుపత్రి వరండాలో నేను యశోదేచిని అడిగాను, "తిట్టలేదంటే పడిపోయాడని ఏట్టన్‌కి ఎలా తెలిసింది?"

"నీకు ఇన్నాళ్లూ తెలియలేదా? పెన్షన్ వచ్చే రోజుల్లో బ్యాంకు కుర్రాడు ఇంటింటికీ తెచ్చిచ్చేవాడు. తలుపు తట్టేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, నీళ్లు తాగేవాడు, ఒంట్లో ఎలా ఉందనేవాడు. పెన్షన్ ఆగింది, వాడూ ఆగిపోయాడు. ఒంటరివాళ్ల తలుపు తట్టే మనిషి లేకపోయాడు. 'నువ్వు తిన్నావా, బతికున్నావా' అని మీ ఏట్టన్ వెళ్లి అడిగితే చీరుటమ్మ ఊరుకుంటుందా, పొక్కన్ ఊరుకుంటాడా? అదే సర్కారుని తిడదాం రండి అంటే?"

"పలుకుతారు" అన్నాను.

"పలికితే లేచినట్టే. గొంతు వింటే తిన్నారో లేదో కూడా తెలుస్తుందంటాడు. ఆగినవన్నీ ఒంటరివాళ్ల ఇళ్లేగా, చూడలేదూ?"

చూశాను. ఊపిరి అందక అనుకున్నాను. ఆ మాట యశోదేచితో అనలేదు.

సమావేశం రోజు వచ్చింది. ఆయనకి మాట లేదు కనుక తోడు నేను వెళ్లాను. ప్రకాశన్ గొంతు సవరించుకుని, "కామ్రేడ్, మీ సంజాయిషీ" అన్నాడు. కుంజంబేట్టన్ లేచాడు. అందరూ అలవాటుగా చెవులు మూసుకోబోయారు. ఆయన జేబులోంచి పొక్కన్ పొట్లం తీసి, విరిచిన బిళ్లలు బల్ల మీద పోసి, కూర్చున్నాడు.

 ఆయన సమక్షంలో అంత నిశ్శబ్దం ఆ గది ఎరగదు.

ప్రకాశన్ ఒక సగం బిళ్ల చేతిలోకి తీసుకుని చూశాడు. "మా అమ్మకీ పెన్షన్ రాలేదు ఏట్టా" అన్నాడు. తరవాత కాగితం తీసుకుని, సంజాయిషీ అని రాసిన చోట కొట్టేసి, పెన్షన్ వెంటనే ఇవ్వాలని ఈ శాఖ పైవాళ్లని అడుగుతోందని రాశాడు. అందరూ చేతులెత్తారు. కుంజంబేట్టన్ రెండు చేతులూ ఎత్తాడు.

కొన్నాళ్లకి బాకీలో కొంత వచ్చింది, అంతా రాలేదు. మా శాఖ కాగితం వల్ల వచ్చిందని కుంజంబేట్టన్ తప్ప ఎవరూ అనుకోవడం లేదు.

అసలు చెప్పాల్సింది పొక్కన్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాటి సంగతి. పొద్దున్నే మెలకువ వచ్చింది. వీధంతా నిశ్శబ్దం. ఇన్నాళ్లూ కోరుకున్నదే కదా, ముసుగు తన్ని పడుకుందామనుకున్నాను. నిద్ర పట్టలేదు. చీరుటమ్మ లేచిందో లేదో. నేను వెళ్లి అరుద్దామా అంటే నాకు ప్రాస రాదు. మంచం మీద కూర్చుని ఆలోచిస్తున్నాను.

అప్పుడు మా గుమ్మాల ముందు కర్ర చప్పుడైంది. చేతికి కట్టుతో, పాత గొడుగు ఊతంగా, పొక్కన్ కుంజంబేట్టన్ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, జన్మలో ఎప్పుడూ నోట పలకని మాట, అదేదో చేదుమందు మింగుతున్నట్టు మొహం పెట్టి, అరిచాడు.

"ఒరే కుంజంబూ! ఇంక్విలాబ్!"

వీధిలో ప్రతి కిటికీలోంచీ "జిందాబాద్!" అని వచ్చింది. చీరుటమ్మ గొంతు అందరికంటే ముందు వినపడింది.

పొక్కన్ కదల్లేదు. "వీళ్లని కాదు, నిన్ను! ఉన్నావా?"

లోపల్నించి గరిటెతో కంచం మీద టంగుటంగుమని మోత. ఆగదే! పక్కింటి పిల్లులు గోడ దూకి పారిపోయాయి.

పొక్కన్ మొహం వెలిగిపోయింది.

"సరే సరే, విన్నాను. ఇంక నోరు ముయ్యి గాడిదా!" అని, గొడుగు ఊపుకుంటూ వెనక్కి తిరిగాడు.