రత్నమణి నీళ్లోసుకున్న మాట

మా కోసిగి పక్క పల్లెల్లో ఆడమనిషి కడుపుతో ఉందని ఎవరూ మొహం మీద అనరు. నీళ్లోసుకుంది అంటారు. ఎందుకలా అంటారో నాకు తెలియదు, అడిగితే పెద్దవాళ్లకూ తెలియదు. వానలు పడే ఏడు ఆ మాట ఎవరినీ ఏమీ చేయదు. వానల్లేని ఏడు అదే మాట రత్నమణి కొంప ముంచింది. ముంచడానికి ఊళ్లో చెంబెడు నీళ్లు కూడా లేని ఏడు అది.

రత్నమణి మాకు చుట్టం కాదు. ఊరి బయట క్రైస్తవుల వాడలో, గేరి అంటారు, అక్కడ ఉండే ఏసేపు భార్య. మాది నలభై ఎకరాల రైతుల ఇల్లు. మా గడప ఆమె తొక్కకూడదు, ఆమె కుండలో నీళ్లు మేము తాగకూడదు. అయినా ఆమె కథ నేనే చెప్పాలి. మా అమ్మ గురమ్మ మంచాన పడ్డాక మూడు రోజులు కూర్చోబెట్టి నాకు ఇదంతా చెప్పి, "నేను నోరు మూసుకుంటి. నువ్వన్నా చెప్పు" అంది. అమ్మ మీద నాకు కోపం ఉంది. ఆ కోపంతోనే చెబుతున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. వరుసగా రెండేళ్లు చినుకు రాలలేదు. ఏసేపు కోతలున్న దేశం వైపు సుగ్గికి, అంటే కోత కూలికి, పోయాడు. గేరీ ఊరూ సగం అట్లాగే పోయింది. మిగిలినవాళ్లకు సర్కారు కరువు పని పెట్టింది. మగవాళ్లు బండలు పగలగొట్టాలి, ఆడవాళ్లు ఆ రాళ్లు గంపలకెత్తుకుని గట్టెక్కి రోడ్డు మీద పోయాలి. సాయంత్రానికి గంజి. మా ఇంట్లో పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు ఎకరాలు నలభై ఉన్నా కుండలో గింజ లేదు. మా అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని, ఎవరూ గుర్తుపట్టలేదనుకుంటూ గంప ఎత్తింది. అందరూ గుర్తుపట్టారు.

రత్నమణి పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఆదివారం గుడిలో ఆమె పాట ఎత్తుకుంటే వాయిద్యం అక్కర్లేదనేవారు. కరువు పనిలోనూ నోరు ఊరుకునేది కాదు. మేస్త్రి నరసన్న కేకలు వేస్తే, "ఏమప్పా, నీ అరుపుకే బండ పగుల్తాండాది, ఇంగ సుత్తి యాల?" అనేది. ఆయనకూ నవ్వొచ్చేది. అట్లాంటి మనిషి కొన్నాళ్లుగా గంజి వాసన రాగానే మాట ఆపేసి, గుట్ట పక్కనున్న పెద్ద బండ వెనక్కి పరుగెత్తడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం మా అమ్మ కూడా అదే బండ వెనక్కి పరుగెత్తింది. ఇద్దరూ వంగి కక్కుకుంటూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతలో మూడో మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. అది వెంకటేశ్వరమ్మ, పదహారేళ్ల పిల్ల, కొత్త కోడలు. ముగ్గురికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. రత్నమణే ముందు నవ్వింది. "గంజి తాగి కక్కేటోళ్లు ముగ్గరము. సర్కారుకు తెలిస్తే గంజి కొలత తగ్గిస్తాది, మెల్లగ కక్కండి" అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పని దిగగానే ముగ్గురూ ఆ బండ నీడకు చేరేవాళ్లు. ఇంట్లో ఎవరికీ చెప్పని మాటలు అక్కడ చెప్పుకునేవాళ్లు. మూడో నెల నిండకుండా బయటపెడితే దిష్టి తగిలి కాయ నిలవదని అందరికీ భయం. ఒకే కష్టంలో ఉన్నవాళ్ల దిష్టి తగలదని రత్నమణి తేల్చేసింది. ఆ నియమం ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అప్పటికి అది అవసరం, అంతే.

వెంకటేశ్వరమ్మకు చావు భయం. "మా అక్క కాన్పులోనే పాయె. నాకూ అట్లనే అయితాదేమో" అని వణికేది. రత్నమణి ఆ పిల్ల తల నిమిరి, "మీ అక్క మీ అక్కే, నువ్వు నువ్వే. నీ నడుము చూడు, ఇద్దరిని కనేట్టుండాది" అనేది. మా అమ్మకు పెళ్లయి నాలుగేళ్లు. ఈసారీ ఏమీ లేకపోతే మా నాయనకు ఇంకో పెళ్లి చేస్తారని ఇంట్లో గుసగుసలు నడుస్తున్నాయి. ఏది తినబుద్ధవుతుందో చెప్పుకుని చెప్పుకుని ముగ్గురూ నోళ్లు ఊరించుకునేవాళ్లు. చింతచిగురు పప్పు అని ఒకరు, పుల్ల మజ్జిగ అని ఒకరు. రత్నమణి మాత్రం, "నాకు తిండి వద్దక్కా. ఒక్క ఏడుపు వినాల. నా కడుపున పుట్టింది కెవ్వుమని ఏడ్సాల, నేను వినాల, సాలు" అంది.

ఆమెకు అప్పటికే రెండు పోయాయి. చర్చి మనిషి కాబట్టి ఆదివారం ఆదివారానికి కొంగున ఒక ముడి వేసి లెక్క పెట్టుకునేది. మొదటిసారి తొమ్మిది ముళ్లకు పోయింది, రెండోసారి పదకొండుకు. రెండుసార్లూ సంతోషం పట్టలేక గేరి అంతా చెప్పుకుందని అత్త విశ్వాసమ్మ తిట్టిపోసింది. విశ్వాసమ్మ రోజూ బైబిలు ముందు మోకాళ్లూనేది, ఇంటి వెనక ఉప్పు దిష్టీ తీసేది. ఏ దేవుడి దగ్గరా అప్పు పెట్టుకోదని రత్నమణి నవ్వేది. ఈసారి అందుకే అత్తకూ చెప్పలేదు. పన్నెండో ముడి పడ్డాక చెబుతానంది. అప్పటికి కొంగున పదకొండు ముళ్లున్నాయి.

ఒకరోజు మా అమ్మకు ఎక్కువ వాంతులయ్యాయి. నోరు కడుక్కోవడానికి రత్నమణి తన చెంబు చాచింది. అమ్మ అందుకోలేదు. నోట్లో చేదు అట్లాగే మింగింది. రత్నమణి ఆ నీళ్లతో తను పుక్కిలించి ఉమ్మేసింది. ఆ గుక్కెడు నీళ్లు తర్వాత ఆమె మెడకు చుట్టుకున్నాయి.

ఎందుకంటే నీళ్లు అంత గట్టి లెక్క. తుంగభద్ర నుంచి పీపాల్లో బండ్ల మీద వచ్చేవి, మనిషికి ఇంతని పోసేవాళ్లు. తాగే నీళ్లు ఒంటిమీద పోసుకున్నా, బట్టలుతికినా శిక్ష ఉంది. ఎనిమిది రోజులు నీళ్ల మోత. రెండు మైళ్ల అవతల వంకలో తవ్విన చెలమ నుంచి కడవలతో పని దగ్గర వేసిన గుడారాలకు మోయాలి. ఈ నియమం పెట్టింది కొత్తగా వచ్చిన గుమాస్తా. అరవ దేశం మనిషి. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నాడు. మంచివాడే, ఎవరినీ ఒసేయ్ అనలేదని అమ్మ చెప్పింది.

ఆ వారంలోనే పైనుంచి తాకీదు వచ్చింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు గంప మోత వద్దు, కూర్చుని కంకర కొట్టే పని ఇవ్వమని. వాళ్లు గుమాస్తా సామి దగ్గర పేరు రాయించుకోవాలని నరసన్న కేకేసి చెప్పాడు. పేరు చెబితే దిష్టి. చెప్పకపోతే గంప. రత్నమణికి అప్పటికి రెండు రోజులుగా నడుములో పోటు. మొదటి రెండూ పోయే ముందు కూడా అట్లాగే పొడిచిందట.

"దిష్టి అయితే దేవుడు తీస్తాడు. గంపను దేవుడు మోయడు గదా. నేను పొయ్యి చెప్తా" అంది.

"నా పేరు మాత్రం ఎత్తొద్దు. మూడు నెల్లు నిండకనే బయటపెట్టినానని తెలిస్తే మా ఇంట్లో సంపుతారు" అంది మా అమ్మ.

ఆ పొద్దున పీపాలో నీళ్లు తక్కువైనాయని గుమాస్తా గుడారంలో మండిపడుతున్నాడు. నరసన్న బండల దగ్గరున్నాడు. రత్నమణి లోపలికి పోయి, తల వంచుకుని, మగవాడి ముందు ఆడది ఎంత మెల్లగా అనాలో అంత మెల్లగా అంది.

"నీళ్లోసుకునిండా సామీ."

గుమాస్తా కలం ఆపాడు. "నీరు పోసుకొంటివా? ఎప్పటినుండి?"

"రెండు నెలలు దాటె సామీ."

"రెండు నెలలా! ఎవరికిని తెలియకుండనా?"

"భయపడి యారికీ చెప్పలే సామీ. మా అత్తకు కూడా చెప్పలే."

"ఇంకను ఎవరెవరు పోసుకొనిరి?"

రత్నమణి వెనక్కి చూసింది. గుడారం బయట మా అమ్మ వద్దు వద్దని తల ఊపుతోంది. "నేనొక్కదాన్నే సామీ" అంది.

"నిజము చెప్పినావు. సంతోషము" అని గుమాస్తా పేరు రాసుకున్నాడు. రత్నమణి బయటికొచ్చి మా అమ్మ చేతికి తగలకుండా కొంగు పట్టుకుని ఊపింది. "సంతోషం అన్న్యాడక్కా! మా ఇంట్లో కూడా యారూ అట్ల అనలే!"

మర్నాడు పొద్దున నరసన్న పేర్లు చదివాడు. రత్నమణి, నీళ్లు వృథా చేసినందుకు, ఎనిమిది రోజులు నీళ్ల మోత. తాను బండ వెనక పుక్కిలించడం ఎవరో చూసి చాడీ చెప్పారనుకుంది. పరుగున పోయి గుమాస్తా ముందు నిలబడి, "గుక్కెడే సామీ, నోరు కడుక్కునింది నిజమే, కడుపుతో ఉండా, వాంతులైతాండాయి" అని ఏడ్చింది. ఈసారి కడుపు అనే మాట నోరు తెరిచి అనేసింది.

"నిన్న నీరనియు, నేడు కడుపనియు చెప్పెదవు. దీనికి సాక్షి యెవరు?" అన్నాడు గుమాస్తా.

భర్త సుగ్గిలో ఉన్నాడు. అత్తకు తెలియదు. తెలిసినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. రత్నమణి ముందు వెంకటేశ్వరమ్మ వైపు చూసింది. ఆ పిల్ల పక్కన అత్త ఉంది. తర్వాత మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ నేల చూసింది. నీకెట్లా తెలుసని గుమాస్తా అడిగితే తన సంగతీ బయటపడుతుంది, దిష్టి తగులుతుంది, నాలుగేళ్లకు నిలిచిన కాయ రాలిపోతుంది. అమ్మ ఆలోచన అంతే. ఆ కాయ నేను.

పేరు ఎత్తొద్దన్న మాటకు రత్నమణి కట్టుబడింది. కడవ తీసుకుని చెలమ దారి పట్టింది.

మొదటి రోజు నాలుగు తిరుగుళ్లు. రెండో రోజూ నాలుగే. నడుము పోటు మీద కడవ బరువు, గోరుచుట్టు మీద రోకలిపోటు. సాయంత్రాలు బండ దగ్గరికి రావడం మానేసింది. మధ్యలో ఆదివారం వచ్చింది, పన్నెండో ముడి వేసుకుంది. ఆ సాయంత్రం మా అమ్మ ఎదురుపడితే కొంగు ఎత్తి చూపించిందట. అమ్మ అప్పుడైనా పోయి చెప్పొచ్చు. రేపు చెబుతా, రేపు చెబుతా అనుకుంది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం చెలమ దారిలో కడవ పగిలిన చప్పుడైంది. మా అమ్మ గంప పడేసి పరుగెత్తింది. రత్నమణి పెంకుల మధ్య కూర్చుని ఉంది. చీర తడిసి ఉంది. ఆ తడి నీళ్లది కాదు. అమ్మను చూసి ఆమె అన్న మొదటి మాట, "పన్నెండు ముళ్లు పడినాయి గదక్కా." రెండో మాట, "నువ్వు ఈడ ఎండకు నిలబడొద్దు. నీకు మంచిది కాదు."

అప్పుడు కదిలింది మా అమ్మ, చేతులు కాలాక. మొహం మీద కొంగు తీసేసి, గుడారంలోకి పోయి, నరసన్న చూస్తుండగానే అరిచింది. "ఆమె నీళ్లోసుకునింది నిజమే. నేనూ నీళ్లోసుకునిండా! నన్నూ రాసుకో! నన్నూ పంపు నీళ్లకు!"

గుమాస్తా కలం అందుకున్నాడు. నరసన్న ఒక్క ఉదుటున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సామీ, వద్దు. ఆ మాటంటే నీళ్లు కాదు సామీ. మా పక్క ఆ మాటంటే..." మగవాడికి చెప్పడానికి కూడా సిగ్గుపడి, తన పొట్ట ముందు చేత్తో గుండ్రంగా చూపించాడు.

గుమాస్తా చాలాసేపు ఆ చేతినే చూశాడట. అప్పటికే వెంకటేశ్వరమ్మ కూడా అమ్మ వెనకే వచ్చి నన్నూ రాసుకోమంది, ఆయన మూడు పేర్లు రాశాడు. గురమ్మ, వెంకటేశ్వరమ్మ, రత్నమణి, కూర్చునే పని. రత్నమణికి ఇక ఆ పని అక్కర్లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత ఆమె వచ్చి మా అమ్మ పక్కనే కూర్చుని కంకర కొట్టింది. కొంగున ముళ్లు లేవు. ఆ తడిసిన చీర మారుస్తూ విశ్వాసమ్మ ఒక్కొక్కటీ విప్పేసిందట. మా అమ్మ క్షమించమని అడగాలని రోజూ అనుకుంది. రోజూ సుత్తి చప్పుడు మధ్య ఆ మాట మింగేసింది.

వానలొచ్చాయి. కరువు పని ఎత్తేశారు. సుగ్గి నుంచి ఏసేపు వచ్చాడు. రత్నమణికి మళ్లీ కడుపు రాలేదు, ఎప్పటికీ రాలేదు. పాట పాడటం మానలేదు గానీ ముందులా తను ఎత్తుకునేది కాదు, ఎవరైనా ఎత్తుకుంటే కలిపేది.

నేను పుట్టాక బిడ్డకు నీళ్లు పోయడానికి మంత్రసాని కూర్చోబోతే మా అమ్మ వద్దంది. గేరి నుంచి రత్నమణిని పిలిపించమంది. మా అవ్వ నెత్తి కొట్టుకుంది. గేరిదాని చేత బిడ్డకు నీళ్లా అని ఇల్లు పీకి పందిరేసింది. "ఆమె పోయకుంటే ఈ బిడ్డకు నీళ్లే వద్దు. మురికితోనే పెరగనీ" అంది మా అమ్మ. ఆ ఇంట్లో ఆమె ఎదురు చెప్పిన మొదటి మాట అది.

రత్నమణి వచ్చింది. పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాపి, నన్ను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. మా కుండలోంచి, మా చెంబుతో, గోరువెచ్చని నీళ్లు తీసి నా వీపు మీద పోసింది. నేను కెవ్వుమని ఏడ్చాను. ఆమె చెంబు ఆపి, తల పక్కకు వంచి, ఆ ఏడుపు మొత్తం వినింది. మళ్లీ చెంబు ముంచింది.

"అక్కా," అంది మా అమ్మను చూసి, "ఇప్పుడు రాసుకోమను ఆ సామిని. రత్నమణి నీళ్లోసిందని."