పోగుల పక్కన నీళ్ళ గిన్నె

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం ఉండేది. నేతలో నిలువు పోగులే పడుగు; పాత పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. నేనూ పక్కింటి వదినా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, వేలు నాలుకకు అద్దుకుంటూ పోగులు మెలిపెట్టేవాళ్ళం. కబుర్లలో పొద్దే తెలిసేది కాదు. ఆ పట్టు వాసన ఇప్పటికీ నా వేళ్ళకు ఉన్నట్టే ఉంటుంది.

తొంభైల చివర్లో నాకు టీబీ అని తేలింది. వీధిలో తెలిస్తే నా పక్కన ఎవరు కూర్చుంటారు? నా నోటి తడి తగిలిన చీర ఎవరు కడతారు? హిందూపురంలో చూపించుకుంటే ఎవరికీ తెలియదన్నాడు మా ఆయన. కానీ మాత్రలు రోజు మార్చి రోజు ఆసుపత్రిలో నర్సమ్మ ఎదుటే మింగాలి. అన్నిసార్లు బస్సెక్కితే మగ్గం ఎవరు చూస్తారు? మా ఊరి ఆసుపత్రికే పోయాను.

కొన్నాళ్ళు ఎవరి పక్కనా కూర్చోవద్దంది నర్సమ్మ. నడుము నొప్పని వదినకు సాకు చెప్పాను. ఆమె నమ్మలేదు. ఒకరోజు నర్సమ్మ చీర కొనడానికి మా వీధికి వస్తే, వదిన ఆమెను ఆపి, నేను ఆసుపత్రికి ఎందుకు పోతున్నానని అడిగింది. తలుపు చాటున నిలబడి విన్నాను.

"ఆయమ్మ సంగతి ఆయమ్మే చెప్పల్ల. రేపు నువ్వొచ్చినా నీ సంగతి ఇంగొకరికి చెప్పను," అని నర్సమ్మ తన దారిన పోయింది.

తర్వాత మాత్ర ఇస్తూ నాతో ఇంకో మాట అంది. అంత దగ్గరగా కూర్చున్న మనిషికి తెమడ పరీక్ష చేయించాలట. నేను చెప్తానా, లేక నా పేరెత్తకుండా తనే పిలిపించాలా అని నన్నే అడిగింది. నన్ను ఒకరు అలా అడగడం అదే మొదలు. నేనే చెప్తానన్నాను.

చెప్పాను. "నడుం నొప్పంటివే, దొంగదానా," అని వదిన లేచిపోయింది. పరీక్షలో ఏమీ లేదని తేలినట్టు వాళ్ళాయన చేత కబురు పంపింది గానీ, తాను రాలేదు.

ఇక నీ వల్ల ఎవరికీ భయం లేదు, పనికి కూర్చోవచ్చని నర్సమ్మ అన్నాక కొత్త పడుగు వచ్చింది. వదినను పిలవడానికి నాకు నోరు రాలేదు. ఒక్కదాన్నే పోగులు పట్టుకున్నాను. కాసేపటికి ఆమే వచ్చింది. ఇత్తడి గిన్నెతో నీళ్ళు తెచ్చి పోగుల పక్కన పెట్టింది.

"ఇంగ దీంట్లో తడుపుకుందాం, వదినా. జరుగు," అని మోకాలు ఆనించి కూర్చుంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ పక్కన కూర్చునే మోకాలు ఎప్పుడూ ఉండాలి.