జామకొమ్మ ఉడికిన గంగాళం

కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవి అది. ఆదోనిలోని నా పశువుల క్లినిక్‌కు ఆ రోజుల్లో వడదెబ్బ తిన్న గేదెలు, గొర్రెలే ఎక్కువగా వచ్చేవి. ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఆటోలో ఒక జంట వచ్చింది. ఆమె ఒళ్లో తడి తువ్వాలు చుట్టిన మూట, అందులోంచి వేలాడుతున్న ఆకుపచ్చ తోక.

"ఉడుమా?" అన్నాను. ఉడుమును ఇంట్లో పెంచడం నేరం.

"ఉడుము కాదు మేడమ్, ఇగ్వానా. ఆకులు తినే విదేశీ బల్లి. బెంగళూర్లో మా తమ్ముడు సాకినాడు. ఇల్లు మారినప్పుడు కాగితాలన్నీ నా పేరుకు రాయించి ఇచ్చినాడు," అందామె. పేరు నాగవేణి. పక్కనున్న భర్త ఈరన్న మగ్గాల నూలుకు రంగులద్దే మనిషి. "రెండు రోజులాయ తిండి ముట్టక. మునగాకంటే పానం ఇడిసేది, ఇప్పుడు మొగం తిప్పుకుంటాంది. నోట్లో నురుగు వస్తాంది."

గేదె కళ్లు చూస్తే దాని బాధ తెలుస్తుంది. ఇగ్వానా కళ్లలో నాకేమీ కనబడలేదు. కాలేజీలో ఈ జాతి గురించి చదివింది చాలా తక్కువ. జూలో పనిచేసే క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. "నోరు తెరిచి చూడు. గూట్లోకి కొత్తగా ఏమొచ్చిందో అడుగు," అన్నాడు.

చిగుళ్లు పచ్చిగా ఉన్నాయి, నాలుక కొస తెల్లబడింది. పొట్ట కింద, అరికాళ్లలో చర్మం నానిన కాగితంలా ఊడివస్తోంది.

"గూట్లో కొత్తగా ఏమైనా పెట్టినారా?"

"కొమ్మ పెట్టినాను మేడమ్. పాతది ఇరిగిపాయ. ఇది మా పెరట్లో జామసెట్టుది, మందు కొట్టింది కాదు. ఫోన్లో వీడియో సూసి బెరడు గీకి, ఉడకబెట్టి, ఎండబెట్టినాను. అది లేకుంటే బెదురుతాదని ఆటోలో కూడా ఎంట తెచ్చినాము."

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. చెట్టు మీంచి కోసిన కొమ్మలో పురుగులు, వాటి గుడ్లు, బూజు ఉంటాయి. అందుకే గీకి, ఉడికించి, ఎండలో పెట్టాలంటారు. మరి ఈ పుండ్లు ఎక్కడివి? కుళ్లు రోగమా? ఏ మందు మొదలుపెట్టాలి? ముందు జంతువును కొమ్మ నుంచి విడదీద్దామని తడి తువ్వాలు పూర్తిగా తొలగించి కొమ్మ పట్టుకున్నాను. సబ్బు ముక్కలా జారింది. ఇంకోసారి వేళ్లతో రుద్దాను. అదే జారుడు.

గింజలు ఎక్కువ తిన్న గేదెల కడుపులో పులుపు ఎంతుందో చూడ్డానికి నా దగ్గర పీహెచ్ పేపర్ ఉంటుంది. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలం తిరుగుతుంది. ఒక ముక్క చించి కొమ్మకు అదిమాను. చూస్తుండగానే ముదురు నీలమైంది.

"కొమ్మను దేంట్లో ఉడకబెట్టినావమ్మా?"

"వంట గిన్నెల్లో పట్టల్యా మేడమ్. బయట నూలు ఉడకబెట్టే గంగాళం ఉంటే..."

ఈరన్న ముఖం మాడిపోయింది. రంగు బాగా పట్టాలంటే ముందు నూలును కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికిస్తారు. చాలా ఘాటైన క్షారం అది. గంగాళం అడుగున ఎండిన సోడాను కొమ్మ పీల్చుకుంది. గూట్లో రోజూ నీళ్లు చిలకరించినప్పుడల్లా అది పైకి ఊరింది. ఇగ్వానా కొమ్మ మీది నీటి బొట్లనే నాకి తాగుతుంది.

"నా సేతులతోనే దీని నోరు కాల్చినానా మేడమ్?" అంది నాగవేణి.

అప్పటిదాకా ఆ రోజు పని చెడిందని విసుక్కుంటున్న ఈరన్న ఆమె పక్కన కూలబడ్డాడు. "నువ్వేం జేసినావు? కడగకుండా అట్లే పెట్టింది నేను. నీకు ఒక మాటన్నా సెప్పల్యా." తరువాత నావైపు తిరిగాడు. "నిమ్మరసం పోద్దామా మేడమ్? పులుపు తగిలితే సోడా ఇరుగుతాది."

"వద్దప్పా! ఆ రెండూ కలిస్తే వేడి పుట్టి ఇంకా కాలుతాది."

గోరువెచ్చని మంచినీళ్లతో నోరు, ఒళ్లు మళ్లీ మళ్లీ కడిగాం. క్లాస్‌మేట్ చెప్పిన కొలతలో నొప్పి మందు, చర్మం కిందికి సెలైన్ ఇచ్చాను. అసలు భయం గొంతు గురించే. లోపల వాచి ఊపిరి ఆగితే, ఆగేముందు ఈ జంతువు నాకు ఏ సైగా చేయదు. క్లినిక్‌లోనే ఉంచుకున్నాను. ఆదోనిలో బంధువుల ఇంట్లో దిగిన నాగవేణి, రోజూ నేను వచ్చేసరికే గడప ముందు నిలబడి ఉండేది. తలుపు తీయగానే ఇద్దరం దాని పక్కటెముకలే చూసేవాళ్లం. అవి కదిలితేనే మా ఊపిరి మాకు ఆడేది.

ఒక పొద్దున ఆమె మందారపువ్వు తెచ్చి ముందు పెట్టింది. ఇగ్వానా నాలుక చాపి, వెనక్కి తీసుకుంది. మేం కదల్లేదు. మళ్లీ చాపి, ఒక రేకు కొరికింది. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

అది బతికింది. ఊడిపోయిన ముందుకాలి గోళ్లు రెండు మాత్రం మళ్లీ మొలవలేదు.

తరువాత ఆమె కొత్త కొమ్మ తెచ్చింది. అన్నం వండే పాత్రలోనే ఉడికించి, నీళ్లు తేటగా మిగిలేదాకా మార్చి, మిద్దె మీద చేతికి తేలికయ్యేదాకా ఎండబెట్టిందట. పీహెచ్ పేపర్ అదిమితే రంగు మారలేదు. అయినా నేను ఇంకో కొసలో పరీక్షించాను.

"ముందే నాకి సూసినాను మేడమ్, ఏం కాల్యా," అంది నాగవేణి మెల్లగా. ఇంకెప్పుడూ అలా చేయొద్దని కోప్పడ్డాను.

శుభ్రం చేశామని ఎవరైనా చెబితే అంతకు ముందు నమ్మి ఊరుకునేదాన్ని. వాళ్లు అబద్ధమాడరు, తాము చేసిందే చెబుతారు. తాము చూడనిది వాళ్లు చెప్పలేరు. అది అడగాల్సింది నేను.

ఈ మధ్య హొళగుంద వైపు నుంచి ఒక గొర్రెలాయన నురుగు కక్కుతున్న గొర్రెను తెచ్చాడు.

"ఏం తినలేదు మేడమ్. మంచి బోరునీళ్లే పెట్టినాను."

"దేంట్లో పెట్టినావన్నా?"

ఆయన గబుక్కున జేబులోంచి ఫోన్ తీశాడు. "లేయ్, పురుగుమందు కలిపే ఆ నీలం డ్రమ్ములో నీళ్లు పారబొయ్యి," అని అరిచాడు. "మిగతా గొర్రెలను దాని తావుకు పోనియ్యొద్దు!"