గడప మాట ఎక్కడిది?

కళింగపట్నంలో కళాయి సాహెబు అంటే ఇమాముద్దీనే. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి బతికేవాడు. ఊరి మసీదుకు మౌల్వీ లేడు. అరబ్బీ అక్షరాలు చదవగలిగింది ఈయనొక్కడే కనక నమాజు చేయించేదీ ఈయనే. చదవడం వచ్చు గాని అర్థం తెలీదు. అయినా ఎవరేం అడిగినా "ఖురాన్‌లో ఉన్నాది" అనేసేవాడు. మంచివాడే. ఆ ఒక్క ముక్క తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పంతొమ్మిది వందల అరవై ఏడులో బండి తోలే మస్తాన్ జ్వరంతో పోయాడు. భార్య బీబీజాన్‌కు మిగిలింది అర ఎకరం ఇసక నేల, అందులో పీకడానికి సిద్ధంగా ఉన్న వేరుశనగ. ఆ ఏడాది తిండి అదే. భర్త పోయిన ఆడది ఇద్దత్, అంటే మరో పెళ్లి మాటెత్తకుండా ఉండే గడువు, పాటించాలి కదా, తలుపు చాటునుంచి ఇమాముద్దీన్‌ను అడిగింది.

"మావా, పగలెళ్లి కాయ పీకీసి వచ్చీమంటావా? ఖురాన్‌లో ఏటున్నాది?"

"నాలుగు నెల్ల పది రోజులు గడప దాటకూడదు. ఖురాన్‌లో ఉన్నాది."

ఆమె దాటలేదు. పొరుగింటి గురమ్మ ఒక్కతే రెండు రోజులు పీకి చేతులెత్తేసింది. తర్వాత వాన పట్టుకుంది. కాయలు నేలలోనే మొలకలెత్తాయి. చలికాలమంతా బీబీజాన్ పిల్లలు గంజినీళ్లతో గడిపారు.

గడువు తీరాక ఒక పెళ్లిలో నిఖా చదవడానికి విజయనగరం నుంచి మౌల్వీ వచ్చాడు. ఇమాముద్దీన్ గొప్పకు పోయి ఈ సంగతి చెప్పాడు. మౌల్వీ నెమ్మదిగానే అడిగాడు.

"గడువు ఖురాన్‌లో ఉంది. గడప ఎక్కడుంది? ముందు ఖురాన్. తర్వాత ప్రవక్త మాటా నడతా, అంటే హదీసు. ఆ పైన పండితులంతా ఒప్పుకున్నది. విడాకుల గడువులో ఉన్న ఒకావిడను ఖర్జూరాలు కోసుకోమని ప్రవక్తే పంపారు. బతుకుతెరువు కోసం విధవరాలు పగలు వెళ్లొచ్చని పెద్దలన్నారు. మరి మీ మాట ఎక్కడిది?"

"మా నాయనమ్మ అనీది," అన్నాడు ఇమాముద్దీన్.

మూడు రోజులు అన్నం సయించలేదు. కొలిమి ముందు కూర్చుంటే మంట మీద గిన్నె మాడిపోయేది. ఆ పిల్లల మొహాలే కళ్లముందు మెదిలేవి. పాపం చేశానని కుమిలిపోయాడు. నాలుగోరోజు బీబీజాన్ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

"అది ఖురాన్ మాట కాదు తల్లీ. మా నాయనమ్మ మాట. తెలీక సెప్పీసినాను. తప్పైపోనాది."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక్కటే అడిగింది.

"కాయ పోయినప్పుడు అల్లా రాత అనుకుని ఓర్సుకున్నాను మావా. ఇప్పుడెవుల రాత అనుకోమంటావు?"