కూతురి బదులు తండ్రి రక్తం

ముందే చెబుతున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోట చినుకు పడితే మూసీకి వరద వస్తుంది.

హుస్సేనీ ఆలంలో మా ఇంటి యజమాని గడియారాలు బాగుచేస్తాడు. ఆయన కూతురికి మేనత్త కొడుకుతో నికా కుదిరింది. ఆ అబ్బాయి చెల్లెలు చిన్నపిల్ల, దానికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, నెలనెలా ఎక్కించాలి. అబ్బాయికి జబ్బు లేదు గానీ, దాన్ని పిల్లలకు అందించగల లోపం అతనిలో ఉందని పరీక్షలో తేలింది. పెళ్లికూతురిలోనూ ఉంటే పుట్టబోయే బిడ్డలకు ప్రమాదం. అందుకే ఆమెనూ పరీక్షకు పంపమన్నారు డాక్టర్లు.

పెళ్లి కుదిరిన పిల్ల ఆసుపత్రి మెట్లెక్కితే ఏదో రోగమని గల్లీ అంతా గుసగుసలాడుతుందని ఆయన భయం. నన్ను తోడు తీసుకుని తానే వెళ్లాడు. అక్కడి వరస తోక చార్మినార్ దాకా ఉంది. మా వంతు రాగానే డాక్టరమ్మ ముందు కూర్చుని, కుస్తీకి దిగే పహిల్వాన్‌లా చొక్కా చేయి మడిచాడు.

"బిడ్డ నా ఖూనే గదమ్మా. నాదే తీస్కోండ్రి. ఎన్ని సీసాలు గావాలె?"

"చెంచాడు చాలు పెద్దాయనా. గని మీది పనికిరాదు."

"ఎందుకు? నాకు షుగర్ గూడ లేదు!"

ఆమె నవ్వు ఆపుకుంది. "ప్రతి జన్యువు మనలో జంటగ ఉంటది. మీ జంటలకెల్లి ఒక్కటే మీ బిడ్డకు పోయింది. ఏది పోయిందో మీ రక్తం చెప్పదు. రెండోది వాళ్లమ్మ ఇచ్చింది. బిడ్డ రక్తంలనే చదవాలె."

"రక్తం చదువుడేంది?"

"డీఎన్ఏ అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి రాత. మిషన్ ఒక్కో అక్షరం చదివి, ఏడ తప్పు పడ్డదో చూపిస్తది."

కంటికి లెన్సు పెట్టుకుని వెంట్రుకంత స్ప్రింగుల్లో తప్పులు వెతికే మనిషికి ఆ మాట ఎక్కింది. మరుసటి వారం కూతుర్ని తీసుకొచ్చాడు.

కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. ఆమెలోనూ లోపం ఉంది. ఆమె ఆరోగ్యానికి ఢోకా లేదు. కానీ వాళ్లిద్దరూ పెళ్లాడితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. గర్భం తొలి నెలల్లోనే పరీక్ష చేసి తెలుసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"మేమిద్దరం మాట్లాడుకొని తేల్చుకుంటం," అని అమ్మాయి లేచింది.

తిరుగు దారిలో, ఆటోలో నా పక్కన కూర్చున్న ఆయన కూతురి వైపు తిరిగాడు. "నేనే ఇచ్చిన్నా బేటా?"

"మీరో, అమ్మీయో. గీ ముక్కు గూడ మీరే ఇచ్చిన్రు గదా అబ్బా, ఎప్పుడన్న లొల్లి చేసిన్నా?"

ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు రోడ్డు మీది పావురాలన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి.

ఆ నవ్వే నేను కల్పించింది. పావురాలు తమ గింజలు తాము తింటూనే ఉన్నాయి. ఆయన నవ్వలేదు. ఇల్లు చేరేదాకా కూతురి ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు.