మైనస్ వదలని టెఫ్లాన్ గొట్టం

చదువుకునే వయసులో ఒక్కొక్కరికి ఒక్కో భయం ఉంటుంది. నన్ను భయపెట్టింది మాత్రం ఒక తెల్లటి గొట్టం. కోలారులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టరు. సన్నటి టెఫ్లాన్ గొట్టంలోంచి ఉప్పునీళ్ళు తోసి, రెండు చివర్ల మధ్య పుట్టే వోల్టేజీని బట్టి దాని లోపలి గోడకు ఏ ఛార్జ్ వస్తుందో చెప్పడం నా ప్రాజెక్టు. టెఫ్లాన్ అంటే నాన్‌స్టిక్ పెనం మీది పూతే; నీటిని అంటనివ్వదు. దానికి ఛార్జేముంటుంది, సున్నా వస్తుంది, హాయిగా ఇంటికి పోవచ్చనుకున్నాను. (అంత ఆశ ఎందుకో!) మీటరు మైనస్ చూపించింది.

గైడ్ మేడం చూసి, "లోపల మురికి ఉండాది, బాగా కడుగమ్మా" అన్నారు. ఆల్కహాల్‌తో కడిగాను, మరిగించిన నీళ్ళతో కడిగాను. ఉప్పు ఎక్కువ వేస్తే మైనస్ తగ్గింది గానీ పోలేదు. అరువు తెచ్చిన మీటరును నేనే పాడుచేశానని ఖాయం చేసుకుని అన్నం మానేశాను.

కేజీఎఫ్‌లో ఇంటికి వెళ్ళగానే అమ్మ పట్టేసింది. "ఏమైంది పాపా, మొగం అట్ల పెట్టినావు?"

"మైనస్ వస్తా ఉండాదమ్మా."

"అయ్యో! మైనస్ మార్కులా? ఎన్ని పోయినాయి?"

వివరించే ఓపిక లేక లోపలికి పోయి పడుకున్నాను. అంతే, సాయంత్రానికి వీధిలోని ఆంటీలందరూ మా ముందుగదిలో మోకరించారు. "ప్రభువా, ఈ బిడ్డ మైనస్‌ను ప్లస్ చెయ్యి తండ్రీ!" అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మర్నాడు వైవా. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, నెరిసిన మీసాల పెద్దాయన, "ఏదమ్మా, ఒకసారి నడిపి చూపించు" అన్నారు. పంపు ఆన్ చేశాను. మళ్ళీ మైనస్. ఆయనేమీ అడగకముందే, "బాగా కడిగినాను సార్, మీటరు నేను పాడు చెయ్యలేదు సార్" అనేశాను.

ఆయన ముందుకు వంగారు. "అంత కడిగినా మైనస్సే గదా? ఇంగ అది మురికి కాదు తల్లీ. నూనె చుక్కకూ, నీళ్ళలోని గాలి బుడగకూ ఇట్లనే వస్తాది. నీళ్ళలోని మైనస్ ఛార్జుండే హైడ్రాక్సైడ్ అయాన్లు పోయి అతుక్కుంటాయని చానామంది అంటారు. కాదనేవాళ్ళూ ఉండారు. ప్లస్ వచ్చింటే మాత్రం నీ మీటరును నమ్మేవాణ్ణి కాదు."

వెనక మేడం చిన్నగా దగ్గారు. నాకు మాత్రం ఆంటీలు గుర్తొచ్చి చెమటలు పట్టాయి. వాళ్ళ ప్రార్థన ఫలించి ఉంటే!

పాసయ్యాను. ఫోన్ చేస్తే అమ్మ, "ప్లస్ అయినాదా?" అంది. "అయినాదమ్మా" అన్నాను.

ఇప్పుడు కోలారు పక్కనే తమక అనే ఊళ్ళో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. మీటరు అనుకోని అంకె చూపిస్తే విసుక్కుని టీకి లేచిపోతాను. ఒక్కోసారి ఆ టీ తాగుతూ, సరైన జవాబును చేతిలో పెట్టుకుని అన్నం మానేసిన ఆ పిల్లను తలుచుకుంటాను. నవ్వొస్తుంది. అంత భయంగా, అంత శ్రద్ధగా నేను దేన్నైనా కడిగి చాలా కాలమైంది.