కుడితి తొట్టిలో పడ్డ కరాటే మాస్టరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను కడప జిల్లాకు వేశారు. ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించే ఒక హైదరాబాదు సంస్థలో నేనప్పుడు ఫీల్డ్ సూపర్‌వైజర్ని. ఒక టీవీ చానల్ బొమ్మల కథల పుస్తకం ఆధారంగా సీరియల్ తీసింది. అందులో ముసుగు వేసుకున్న వీరుడు గాల్లోకి ఎగిరి, కుంగ్‌ఫూతో రౌడీలను చితకబాదుతాడు. ప్రసారానికి ముందే మొదటి ఎపిసోడ్‌ను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో జనానికి చూపించి, వాళ్ళేమంటారో రాసి పంపడం నా పని.

ఈ పనిలో మేం టీవీ చూడకూడదు, చూసేవాళ్ళ ముఖాలు చూడాలి. ఏ సీనుకు నవ్వారు, ఎక్కడ ఫోన్లు తీశారు, ఎప్పుడు లేచి బయటికి పోయారు, అన్నీ ఫారంలో గుర్తు పెట్టాలి. సీరియల్‌తో సంబంధమున్న వాళ్ళను ఆ గదిలోకి రానివ్వకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మాకు నేర్పే నియమమిది.

ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు మీది హాల్లో వేశాం. వీరుడి విన్యాసాలకు జనం ఆవలించారు. ఒక పెద్దాయనైతే, "ఆ తాడు కనపడతాంది సామీ" అనేశాడు. కానీ ఒక లావుపాటి రౌడీ ఒక్క తన్నుకే ఎగిరి కుడితి తొట్టిలో పడేసరికి హాలు దద్దరిల్లింది. జమ్మలమడుగులోనూ అంతే. నేను చంకలు గుద్దుకుంటూ హైదరాబాదులో చానల్ వాళ్ళకు ఫోన్ చేశాను. తొట్టి సీను అదిరిందని చెప్పి ఊరుకోక, ఆ రౌడీని వదులుకోవద్దని సలహా కూడా పారేశాను. అడిగిందెవరు? వాళ్ళు సంబరపడి, ఇక వారం వారం అతన్ని దేంట్లోనో ఒక దాంట్లో పడేస్తామన్నారు.

పులివెందులలో మనుషుల్ని పోగుచేసే ఏజెంటు, కొట్లాటల సీరియల్ కదా అని కరాటే క్లాసు పిల్లల్నీ వాళ్ళ తల్లుల్నీ పిలిచాడు. వెంట వాళ్ళ మాస్టరు మస్తాన్ కూడా వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. తొట్టిలో పడ్డ రౌడీ ఆయనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లల కోసం మిఠాయి పొట్లం తెచ్చాడు. నియమం ప్రకారం బయటికి పంపాలి. "టీవీలో నన్ను చూడాలని పిల్లోళ్ళు శానా ఆశగా ఉండారు సార్" అన్నాడు. మొహమాటపడి వెనక వరసలో కూర్చోబెట్టాను.

తొట్టి సీను వచ్చింది. పిల్లలు వెనక్కి తిరిగి మాస్టర్ని చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా ఒకటే నవ్వు. మాస్టరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేను అలవాటు కొద్దీ 'నవ్వు' దగ్గర టిక్కు పెట్టేశాను.

అయ్యాక ప్రశ్నలు మొదలుపెట్టాను. ఒక పాప లేచి, "మా మాస్టరు అట్ల పడడు సార్, ఇదంతా అబద్ధం" అంటూ ఏడ్చేసింది. వాళ్ళమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఒగ తన్నుకే పడేటోని కాడ ఏం నేర్చుకుంటావు? లే, పోదాం పా" అంది. ఆయనకు వినబడాలనే అంది.

అందరూ వెళ్ళాక మాస్టరు నా దగ్గరికొచ్చాడు. "పడమన్యారు, పడినా సార్. అది యాక్షన్ అని వీళ్ళకెట్ల చెప్పేది? ఇంగ నన్ను పడెయ్యొద్దని మీవాళ్ళకు ఒగ మాట చెప్పండి. పిల్లోళ్ళు రాకుంటే క్లాసు మూతబడతాది" అన్నాడు. వారం వారం పడేసే ఏర్పాటు నా పుణ్యమేనని ఆయనకు తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సంగతి దాచేశాను. చెప్తానని మాత్రం అన్నాను.

చెప్పాను కూడా. నా సలహా తప్పని, ఆ మనిషిని వదిలేయమని ఫోన్లో బతిమాలాను. మూడు ఊళ్ళలోనూ నవ్వారా లేదా అని అడిగారు. నవ్వారన్నాను. మరింకేంటి అని ఫోన్ పెట్టేశారు.

మస్తాన్ మాస్టరు ఇక షూటింగుకు రానన్నాడు. చానల్ వాళ్ళు అంతే లావున్న ఇంకో మనిషిని తెచ్చి, అవే మీసాలు అతికించి, పేడకుప్పలో బోర్లా పడేశారు. పులివెందులలో అది కూడా మస్తాన్ మాస్టరే అనుకున్నారు. వానలు పడేలోపే క్లాసు మూతపడిందని ఏజెంటు చెప్పాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళో పని పడితే సిగ్గేసి వేరేవాళ్ళను పంపేవాణ్ణి.

రిటైరయ్యేదాకా కొత్తగా చేరినవాళ్ళకు ఒకటే చెప్పాను. నవ్వారని రాస్తే సరిపోదు. నవ్వేటప్పుడు వాళ్ళ కళ్ళు తెర మీదున్నాయా, గదిలో ఇంకెవరి మీదైనా ఉన్నాయా చూసి రాయండి. గదిలో మనిషిని చూసి నవ్విన నవ్వును సీరియల్ ఖాతాలో వేయకండి.